పోటు టైం చూసుకుని పబ్బుకెళ్ళాం

"పబ్బా? నేను రాను, మీరిద్దరూ వెళ్ళిరండి" అంది అమ్మ, ఆరేసిన బట్టలు మడతేస్తూ. అమ్మని ఏమనగలం, మన దగ్గర పబ్ అంటే తను చూసిందల్లా టీవీ న్యూస్‌లోనే కదా, చీకటి, రంగు లైట్లు, గేటు దగ్గర బౌన్సర్లు, అర్ధరాత్రి పోలీసులు లోపలికెళ్తుంటే మొహాలు దాచుకునే పిల్లలు. నాన్నకైతే బ్రాందీ షాపుకి పబ్బుకి తేడా ఉందనే తెలీదు. ఆయన ఏమీ అనలేదు గానీ "అమ్మడూ, ఆడపిల్లవి నువ్వు నన్ను అక్కడికి తీసుకెళ్ళడమేంటమ్మా" అన్నట్టు ఒక చూపు చూశారు.

నేను లండన్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ ఊళ్ళో నాకు బాగా నచ్చిన చోటేదంటే మ్యూజియమో పార్కో చెప్పను, రోథర్‌హిత్‌లో థేమ్స్ ఒడ్డునున్న మేఫ్లవర్ అనే పాత పబ్ చెప్తాను. అమ్మానాన్నా ఆర్నెల్లుండడానికి వచ్చారు, టవర్ బ్రిడ్జీ, ప్యాలెస్సూ అన్నీ చూపించేశా, నాన్న అన్నిటికీ "బావుంది" అన్నారు, అంతే. ఆయన బావుంది అని ఊరుకున్నారంటే మనసు పెట్టలేదని అర్థం. ఆయనకి నది చూపించాలి. పైనుంచి, బ్రిడ్జి మీద నుంచి కాదు, పక్కన కూర్చుని.

ఎందుకంటే మాది నర్సాపురం. నాన్న లెక్కల మాస్టారు, రిటైరయ్యేలోగా ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున్నే రేవుకెళ్ళి పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు బడికి వెళ్ళేవారు, సాయంత్రం మళ్ళీ పంటు మీదే వెనక్కి. మా ఇంట్లో టైం గోడ గడియారం ప్రకారం కన్నా నీళ్ళ ప్రకారం నడిచేది. "ఇవాళ పొద్దున పాటు, రేవులో బురద, పాత చెప్పులివ్వు" అనేవారు అమ్మతో. అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి మా దగ్గర గోదారికి పోటూ పాటూ ఉంటాయి, సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళు వెనక్కి ఎదురెక్కుతాయి, తర్వాత పాటుకి దిగిపోతాయి. ఆ రెండు మాటలూ నాకు ఒకటో ఎక్కంతో పాటే వచ్చాయి.

థేమ్స్‌కీ పోటూ పాటూ ఉన్నాయి, అదీ మామూలుగా కాదు. సముద్రం ఎక్కడో దూరాన ఉన్నా, లండన్ మొత్తం దాటి పైన టెడింగ్టన్ అనే చోట వరకూ పోటు ఎక్కుతుంది. పున్నమికీ అమావాస్యకీ అయితే సిటీ మధ్యలో నీటిమట్టం దాదాపు ఏడు మీటర్లు లేచి దిగుతుంది, రోజుకి రెండుసార్లు. మన తీరంలో మనిషెత్తు లోపే. ఏడు మీటర్లంటే రెండంతస్తుల మేడ! ఇది చెప్తే నాన్న నమ్మలేదు. "ఏడు మీటర్లా, ఏడు అడుగులేమో చూడు" అన్నారు. ఇదిగో ఇక్కడ నాకు ఆయన్ని తీసుకెళ్ళడానికి దారి దొరికింది. ఫోన్‌లో టైడ్ టైమింగ్స్ తీసి చూపించా, ఆ ఆదివారం టవర్ పియర్ దగ్గర మధ్యాహ్నం నాలుగింటికి కాస్త ముందు హై టైడ్. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ పట్టిక మొత్తం చదివి, "రోజుకి యాభై నిమిషాలు వెనక్కి జరుగుతోంది, మన దగ్గర లాగే" అని, లేచి చొక్కా మార్చుకోడానికి వెళ్ళిపోయారు. ఆయన బయల్దేరితే అమ్మ ఇంట్లో ఒక్కత్తీ ఉండదు కదా, తనూ వచ్చింది. మా ఆయనకి ఆ రోజు డ్యూటీ, మేం ముగ్గురమే.

వైట్‌చాపెల్లో ఓవర్‌గ్రౌండ్ ట్రైన్ ఎక్కాం. వాపింగ్ స్టేషన్ దాటగానే నాన్నకి చెప్పా, ఇప్పుడు మనం నది కింద ఉన్నాం అని. ఆ సొరంగం ఎంత పాతదంటే 1825లో మొదలెట్టి 1843కి పూర్తి చేశారు, మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరు, పడవలు తిరిగే నది కింద తవ్విన మొదటి సొరంగం ప్రపంచంలో ఇదే. 396 మీటర్లకి పద్దెనిమిదేళ్ళు పట్టింది, మధ్యలో నది పైనుంచి విరుచుకుపడి పనివాళ్ళు చచ్చిపోయారు, 1828లో ఒకసారి ఆరుగురు పోయారు, బ్రూనెల్ కొడుకు చావు తప్పి బయటపడ్డాడు. మొదట్లో మనుషులు నడవడానికే, 1869 నుంచి రైళ్ళు. నేనిదంతా చెప్పేలోపే రోథర్‌హిత్ స్టేషనొచ్చేసింది. "ఇంతేనా? అవతలొడ్డుకి వచ్చేశామా?" అన్నారు నాన్న. పదిహేను నిమిషాలు పంటు మీద నిలబడి దాటడం అలవాటైన మనిషికి ఇది కొంచెం అన్యాయంగానే అనిపించుండాలి.

స్టేషన్ నుంచి రెండు నిమిషాల నడక. గుండ్రాళ్ళు పరిచిన సన్న సందు, అటూ ఇటూ పాత గోదాములు, మలుపులో సెయింట్ మేరీస్ చర్చి, దానికెదురుగా పబ్. ముందు చర్చి దగ్గర ఆగాం. 1620లో ఇంగ్లండ్ వదిలేసి అమెరికా వెళ్ళిపోయిన వాళ్ళని మోసుకెళ్ళిన ఓడ మేఫ్లవర్, ఆ ఓడ ఈ ఒడ్డునించే బయల్దేరి సౌతాంప్టన్, ప్లిమత్ మీదుగా పోయింది. దాని కెప్టెన్ క్రిస్టఫర్ జోన్స్ ఈ పేటవాడే, తిరిగొచ్చాక 1622లో పోతే ఈ చర్చి ఆవరణలోనే పాతిపెట్టారు. పబ్‌కి ఈ పేరు మాత్రం 1957లో పెట్టింది, అంతకు ముందు స్ప్రెడ్ ఈగిల్ అనేవాళ్ళు.

కానీ ఆ ఆవరణలో నాన్న ఎక్కువసేపు నిలబడింది కెప్టెన్ దగ్గర కాదు. లీ బూ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడి సమాధి ఉందక్కడ. పసిఫిక్‌లో పలావ్ దీవుల రాజు కొడుకు. 1783లో ఈస్టిండియా కంపెనీ ఓడొకటి వాళ్ళ దీవి దగ్గర మునిగిపోతే అక్కడి జనం ఓడవాళ్ళని బాగా చూసుకున్నారు, ఆ నమ్మకంతో వాళ్ళ రాజు కొడుకుని కెప్టెన్‌తో చదువుకోడానికి ఇక్కడికి పంపాడు. ఈ రోథర్‌హిత్‌లోనే కెప్టెన్ ఇంట్లో ఉండి బడికెళ్ళాడు, 1784 డిసెంబర్‌లో మశూచి వచ్చి పోయాడు. వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. సమాధి కంపెనీవాళ్ళే కట్టించారు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఆ రాయి మొత్తం మెల్లగా చదివారు. "ఆ బళ్ళో మాస్టారికి ఎలా ఉండుంటుందమ్మా" అన్నారు. నేనెన్నిసార్లు ఆ దారిన పోయానో, ఒక్కసారీ ఆ మాస్టారి గురించి ఆలోచించలేదు.

పబ్ లోపలికి వెళ్ళేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. లోపల తక్కువ ఎత్తు సీలింగు, నల్లబడిన చెక్క గోడలు, చిన్న చిన్న గాజుపలకల కిటికీలు, ఒక మూల చలిమంట గూడు. దాని పక్క బల్ల మీద ఒక పెద్దావిడ ఒక్కత్తే కూర్చుని పేపర్లో పజిల్ నింపుతోంది, కాళ్ళ దగ్గర కుక్క నిద్రపోతోంది. ఇంకో బల్ల మీద తాత, కొడుకు, కోడలు, చంటిపిల్ల, అందరూ ఆదివారం భోజనం చేస్తున్నారు. పాట లేదు, లైట్ల గోల లేదు. అమ్మ చెయ్యి వదిలేసి "ఇది హోటలేగా మరి, పబ్ అంటావేంటే" అంది. పబ్ అంటే పబ్లిక్ హౌస్ అమ్మా, నలుగురి ఇల్లు అని అర్థం అన్నా. తనకి నచ్చిందో లేదో గానీ ఆ పెద్దావిడ కుక్కని చూసి నవ్వితే ఆవిడ కూడా నవ్వింది, ఆ తర్వాత ఇంక భయపడలేదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి చెప్తున్నా, చాలా పబ్బుల్లో డ్రింక్ కావాలంటే మనమే బార్ దగ్గరికెళ్ళి చెప్పాలి, కూర్చుని ఎవరో వస్తారని చూస్తే సాయంత్రమైపోతుంది. అక్కడ క్యూ ఉన్నట్టు కనపడదు, అందరూ బార్‌కి ఆనుకుని నిలబడతారు, కానీ ఎవరి తర్వాత ఎవరో వాళ్ళకీ తెలుసు, బార్ వెనకాల అమ్మాయికీ తెలుసు. మీకంటే ముందొచ్చినాయన్ని వదిలేసి మిమ్మల్ని అడిగితే "ఆయన ముందు" అని చెప్పాలి. ఆ చిన్న మర్యాద అక్కడ పెద్ద విషయం.

నాన్న కోసం సగం పైంట్ ఏల్, అంటే ఇక్కడి పాతకాలం బీర్, తీసుకున్నా. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, అందులో సగం. ఆయన తాగే మనిషి కాదు, చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో తాటికల్లు రుచి చూశారట, అంతే. అమ్మకి ఎల్డర్‌ఫ్లవర్ షర్బత్తు సోడాతో. బార్ మీద చెక్క పిడితో పొడుగాటి పంపు ఉంటుంది, ఆ అమ్మాయి దాన్ని మన బోరింగు కొట్టినట్టు గట్టిగా లాగితే రెండు లాగులకి గ్లాసు నిండింది, రాగి రంగు, పైన సన్నని నురుగు.

నాన్న ఒక గుక్క తాగి "చల్లగా లేదేంటమ్మా, ఫ్రిజ్ పాడైందా?" అన్నారు. ఇది అందరూ అడిగేదే. ఇది సీసా బీర్ లాంటిది కాదు. కింద సెల్లార్లో పీపాలో ఉంటుంది, ఈస్ట్ ఇంకా బతికే ఉండి పీపాలోనే పులుస్తూ ఉంటుంది, అందుకే పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచుతారు, మరీ చల్లబెడితే రుచి తెలీదు, గ్యాస్ కొట్టరు కాబట్టి బుడగలు పొంగవు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పాడవుతుంది. 1970ల నాటికి కంపెనీలన్నీ గ్యాస్ బీర్ వైపు వెళ్ళిపోతుంటే ఈ పద్ధతి పోకూడదని 1971లో కొందరు కామ్రా అని సంఘం పెట్టి పోరాడారు, అందుకే ఇవాళ మనకి దొరుకుతోంది. నాన్న అంతా విని "అయితే కల్లే. పొద్దున దింపింది మధ్యాహ్నానికి పులిసిపోయేది, ఇది మూడ్రోజులాగుతుంది" అన్నారు. నాకు తెలిసి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. ఆదివారం అంటే ఇక్కడ రోస్ట్, మనకి ఆదివారం కోడికూర ఎలాగో వీళ్ళకి అలాగ. బీఫ్, చికెన్, ల్యాంబ్ ఏదో ఒకటి మొత్తంగా కాల్చి ముక్కలు కోసి పెడతారు, పక్కన బంగాళాదుంపలు, క్యారెట్, క్యాబేజీ, మీద గ్రేవీ. మీరు బీఫ్ తినకపోతే చికెన్ చెప్పి ఊరుకోకండి, గ్రేవీ దేంతో చేశారు, దుంపలు ఏ కొవ్వులో వేయించారు, చిప్స్ ఏ నూనెలో వేశారు అని అడగండి, చాలా చోట్ల బీఫ్ కొవ్వు వాడతారు. అడిగితే ఎవరూ విసుక్కోరు, వంటింట్లోకెళ్ళి కనుక్కొచ్చి చెప్తారు. నేను అన్నీ అడిగాకే అమ్మకి చికెన్, నాకు ల్యాంబ్, నాన్నకి చేప చెప్పా. ఇంతకు ముందొకసారి వేరే చోట అడక్కుండా మా అత్తగారికి పెట్టించి, సగం తిన్నాక తెలిసి ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు, అందుకని ఇంత చెప్తున్నా.

అమ్మకి బాగా నచ్చింది యార్క్‌షైర్ పుడ్డింగ్. పేరుకి పుడ్డింగే గానీ తీపి కాదు, మైదా, గుడ్లు, పాలు కలిపిన జారుపిండి మరుగుతున్న కొవ్వులో పోసి ఓవెన్లో పెడితే గిన్నెలాగా పొంగుతుంది. అమ్మ దాన్ని వేలితో నొక్కి, తిప్పి, అడుగు చూసి, "లోపల బోలు, అంచు కరకర, పిండి ఎంతసేపు నానబెడతారో" అంది. ల్యాంబ్‌తో ఇచ్చిన మింట్ సాస్ నాకి "పుదీనా పచ్చట్లో వెనిగర్ పోశారు, మిరపకాయ మర్చిపోయారు" అని తేల్చేసింది. నాన్నని మాత్రం చేప ఎలా ఉందని మేం అడగలేదు. పులస తిన్న ఊరి మనిషి. పైన పెళుసుగా పిండి పొర, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడిపోయే హాడక్. "ముల్లు లేదు. పిల్లలకి మంచిదే" అన్నారు, మొత్తం తినేశారు.

ఇదంతా ఎక్కడ తిన్నామో చెప్పలేదు కదూ. పబ్ వెనక వైపు తలుపు తీసుకుని వెళ్తే నీళ్ళ మీదకి చెక్క జెట్టీ ఉంటుంది, కింద స్తంభాలు, పైన బల్లలు వేశారు. నా అసలు ఉద్దేశం అదే. మొదటిసారి నేనొచ్చినప్పుడు టైం తెలీక పాటు మీదొచ్చా, కింద బురద, గులకరాళ్ళు, పాత ఇటుకముక్కలు, విరిగిన తెల్లమట్టి చుట్ట గొట్టాలు. వాటిని చూసి మురిసిపోవచ్చు గానీ ఏరుకోకూడదు, ఆ ఒడ్డున వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి. ఈసారి మేం కూర్చునేసరికి ఆ బురదంతా నీళ్ళ కింద ఉంది. చెక్కల సందుల్లోంచి చూస్తే గోధుమరంగు నీళ్ళు మెల్లిగా ఉబ్బుతున్నాయి, ఒక్కో స్తంభం మీద పచ్చటి నాచు గీత, ఆ గీతకి నీళ్ళు జానెడు కిందున్నాయి. "అదిగో అక్కడిదాకా వస్తాయి" అన్నారు నాన్న గీత చూపించి. ఎదురొడ్డున వాపింగ్ గోడ మీద కూడా అదే ఎత్తులో గీత, దాని కింద గోడ ఎంతుంటుందో లెక్కేసుకున్నారు. "నిజమే, ఏడు మీటర్లుంటుంది" అన్నారు. అడుగుల మాట వెనక్కి తీసుకున్నట్టే.

అప్పుడు క్లిప్పర్ బోటొకటి కెనరీ వార్ఫ్ వైపు దూసుకుపోయింది. అందరూ దాన్ని చూసి, వెళ్ళిపోయాక మళ్ళీ మాటల్లో పడ్డారు. నాన్న మాత్రం మాట ఆపేశారు. గ్లాసు చేత్తో ఎత్తి పట్టుకున్నారు, రెండో చేత్తో అమ్మ గ్లాసు కూడా పట్టుకున్నారు. "ఉండు, ఇప్పుడొస్తుంది" అన్నారు. ఏమీ లేదు, నది నున్నగా ఉంది. ఎంతసేపో అలాగే కూర్చున్నారు. అప్పుడు కింద నుంచి ధన్ ధన్ మని అల స్తంభాలకి కొట్టుకుంది, చెక్కలు అదిరాయి, సందుల్లోంచి నాలుగు చుక్కలు లేచి అమ్మ చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి, పక్క బల్ల మీద ఎవరిదో వైన్ ఒలికిపోయింది. పక్క బల్ల కుర్రాడు నాన్న చేతిలో గ్లాసులు చూసి, మీకెలా తెలుసు అన్నట్టు చెయ్యి తిప్పాడు. నాన్నకి ఇంగ్లీషు బాగా వచ్చు గానీ మాట్లాడ్డం మొహమాటం, ఆ రోజు మాత్రం కుర్చీ అటు తిప్పుకుని పంటు గురించి, రేవు గురించి, లాంచీ వెళ్ళిపోయాక అల ఒడ్డుకి రావడానికెంతసేపు పడుతుందో పడవ దూరాన్ని బట్టి ఎలా చెప్పొచ్చో వాళ్ళకి పాఠం చెప్పేశారు. నలుగురు కుర్రాళ్ళు చేతులు కట్టుకుని విన్నారు. లండన్ వచ్చాక ఆయన అంతసేపు మాట్లాడ్డం నేను అదే చూడ్డం.

వాళ్ళలో ఒకబ్బాయి ఈ పబ్‌లో ఒక పుస్తకం ఉంటుందని చెప్పాడు, మేఫ్లవర్‌లో వెళ్ళినవాళ్ళ వంశంవాళ్ళు అమెరికా నుంచి వస్తే అందులో సంతకం పెడతారు. ఒకప్పుడు ఓడ సరంగుల కోసం అమెరికా స్టాంపులు కూడా ఇక్కడ అమ్మేవాళ్ళట. నాన్న అడిగారు, ఎంతమంది వెళ్ళారు, ఎన్ని రోజులు పట్టింది అని. 102 మంది, ప్లిమత్ నుంచి అరవై ఆరు రోజులు, దిగిన మొదటి చలికాలంలోనే దాదాపు సగం మంది పోయారు. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది, పదకొండేళ్ళయింది. అమ్మ ఫోన్ తీసి టైం చూసి, "అక్కడ పొద్దున్నయ్యుంటుంది, లేచిందేమో" అని వీడియో కాల్ చేసి, అక్కకి నదిని చూపించింది. పబ్బులో ఉన్నానని మాత్రం తనే చెప్పింది, కాస్త గొంతు పెంచి.

నాలుగవుతుండగా నీళ్ళు నాచు గీతని తాకాయి. గాలి కూడా తగ్గింది. నాన్న లేచి రెయిలింగు దగ్గరికెళ్ళి నిలబడ్డారు, నేనూ వెళ్ళా. నీళ్ళలో ఒక చెక్కముక్క, పక్కన ఒక ప్లాస్టిక్ సీసా, అప్పటిదాకా టవర్ బ్రిడ్జి వైపు ఎదురెక్కుతూ పోతున్నవి మా ముందుకొచ్చి నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి. మా రేవులో సరంగులు ఇలాగే ఏ కొబ్బరి డొక్కనో చూస్తూ బీడీ కాల్చుకునేవాళ్ళని నాన్న చిన్నప్పుడు నాకు చెప్పేవారు. చెక్కముక్క ఉన్నచోటే ఒకసారి గుండ్రంగా తిరిగింది, ఎటూ పోలేదు. మేమిద్దరం దాన్నే చూస్తున్నాం. ఇంకాసేపటికి దాని ఒక కొస సముద్రం వైపు మళ్ళింది, జానెడు జరిగింది, ఇంకో జానెడు.

"తిరిగింది" అన్నారు నాన్న. "ఇంకో సగం చెప్పమ్మా, ఆ కల్లు."